అన్షెల్ అమ్మిన సగం

మొదట్లో అన్షెల్ వాక్స్‌మన్ దగ్గర ఉన్నవి ఇవి: ముప్పై ఏళ్ళ వయసు, నలుగురు పిల్లలు, యూదుల మత పాఠశాల అయిన యెషివాలో కూర్చుని చదివిన తొమ్మిదేళ్ళ ధర్మశాస్త్రం, లా కాలేజీ ప్రవేశ పరీక్షలో వందమందిలో తొంభై ఏడుగురిని వెనక్కి నెట్టిన మార్కు. లేనిదల్లా ఒక కవరు. యెషివా ఆఫీసు తన పట్టానూ మార్కుల కాగితాన్నీ కవర్లో పెట్టి, సీలు వేసి, ఆగస్టు ఒకటిలోగా మన్‌హటన్‌లోని కాలేజీకి పంపాలి. అది చేరితే సీటు దక్కుతుంది, మూడేళ్ళూ ఫీజు ఉండదు. చేరకపోతే ఆ సీటు వరుసలో వెనక ఉన్నవాడికి పోతుంది.

ప్రవేశ పరీక్ష అతనికి కష్టమనిపించలేదు. ఒక మాటను రెండు వైపుల నుంచీ వాదించి, రెండూ నిలబడతాయని చూపించి, ఆ తర్వాత రెంటిలోనూ కన్నం వెతకడం తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేస్తున్న పనే. దానికి బయట మార్కులు వేస్తారని, ఆ మార్కులకు ఒక ధర ఉందని తెలిసినప్పుడు మాత్రం ఆశ్చర్యపోయాడు.

లా చదువు మాట ముందు ఎత్తింది భార్య పెరెల్. ఆమె ఆడపిల్లల బడిలో రెండో తరగతి టీచరు. "నీ చదువంటే నాకు గౌరవమే," అంది ఒక శుక్రవారం ఆలుగడ్డలు తురుముతూ. "పెళ్ళికి ముందు నేనే అడిగాను, చదువుకునేవాడే కావాలని. కాదనను. కానీ తొమ్మిదేళ్ళు అడిగానా, తొంభై అడిగానా?"

జూన్ నెలలో ఒకనాడు అన్షెల్ యెషివా ఆఫీసుకు వెళ్ళాడు. ఆఫీసు చూసేది రెబ్ ష్మర్యాహు; రెబ్ అంటే వాళ్ళలో గారు లాంటిది. తొమ్మిదేళ్ళ పరీక్షలన్నీ సన్నటి అక్షరాలతో పుస్తకంలో రాసి ఉంచిన మనిషి.

"నీ మార్కులకేం నాయనా, బంగారం," అన్నాడు పేజీలు తిప్పుతూ. "ఒక్కచోట తగ్గింది. ఇదుగో, కవలలు పుట్టిన చలికాలం. దాన్ని కూడా దిద్దకుండా అలాగే ఉంచాను."

"ఎప్పుడు పంపుతారు?"

"నిమిషం పని. రెబ్ గెట్సెల్ ఒక్క మాట చెబితే చాలు."

"నా పట్టాకి ఆయన మాటెందుకు?"

ష్మర్యాహు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "నువ్వు కూర్చున్న చోటికి తొమ్మిదేళ్ళూ వెచ్చదనం ఎక్కడి నుంచి వచ్చింది? నీ ఇంటికి ప్రతి నెలా చెక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఆయనకి తెలియకుండా పంపితే రేపు నాకు మొహం ఉంటుందా? వెళ్ళి చెప్పు. మంచివాడు, కాదనడు."

గెట్సెల్ ఫైన్‌టుక్‌ది న్యూ యూట్రెక్ట్ అవెన్యూలో, రైలు వంతెన కింద టైల్స్ కొట్టు. అరవై ఎనిమిదేళ్ళు. పద్నాలుగో ఏట యెషివా వదిలేశాడు. అక్షరాలు కూడబలుక్కునేవాడు గానీ వాదన ఎక్కేది కాదు. మేష్టారు వాళ్ళ నాన్నను పిలిచి, కుర్రాడి భుజాలు బాగున్నాయి, బరువులు మోయించండి అన్నాడట. గెట్సెల్ ఆ మాటను నవ్వుతూనే చెప్పేవాడు, కాకపోతే ప్రతి ఏడాదీ చెప్పేవాడు.

బరువులు మోసి కొట్టు పెట్టాడు, కొట్టు నిలబెట్టాడు. చదువు లేని లోటును తమవాళ్ళలో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతిలో పూడ్చుకున్నాడు. ఒకడు వ్యాపారం చేసి పోషిస్తాడు, ఇంకొకడు కూర్చుని చదువుతాడు. ఆ చదువుకు పై లోకంలో దక్కే ఫలం చెరి సగం. కాగితం రాసుకుంటారు. వాటా పుచ్చుకునేవాడు చేతిరుమాలు అందిస్తాడు, ఇచ్చేవాడు దాన్ని పట్టుకుని పైకెత్తుతాడు. అంతటితో బేరం ఖాయం. అన్షెల్ పెళ్ళయిన నెలకే, యెషివా పెద్ద గదిలో, గెట్సెల్ రుమాలు అందించాడు, అన్షెల్ ఎత్తాడు.

అప్పటి నుంచీ ప్రతి గురువారం మధ్యాహ్నం గెట్సెల్ సిమెంటు దుమ్ము దులుపుకుని యెషివాకు వచ్చేవాడు. చదువుల హాల్లో వెనక బల్ల మీద పావుగంట కూర్చునేవాడు. ఎదురెదురుగా కూర్చుని అన్షెల్, అతనితో కలిసి చదివే జోడీ యెరూహామ్ అరుచుకుంటుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అప్పుడప్పుడు తలాడించేవాడు. లేచేముందు తనకంటే సగం వయసున్న అన్షెల్‌ని మీరు అంటూ అడిగేవాడు: "ఈ వారం మనం ఏం చదివాం, రెబ్ అన్షెల్?"

ఎప్పుడూ మనం అనే అనేవాడు.

ష్మర్యాహు చెప్పిన మర్నాడు అన్షెల్ కొట్టుకు వెళ్ళాడు.

"రండి, రండి. ఆ పెట్టె మీద వద్దు, అది ఇటలీది, పెళుసు. దీని మీద కూర్చోండి, స్పెయిన్ సరుకు, ఎంత పండితుణ్ణైనా మోస్తుంది."

అన్షెల్ విషయం చెప్పాడు. గెట్సెల్ ఒక్కో టైలునూ వేలి కణుపుతో తట్టి చప్పుడు వింటూనే అంతా విన్నాడు.

"లాయరు పని మంచిదే," అన్నాడు చివరికి. "ఇప్పటికి ముగ్గురు లాయర్లు నన్ను తిన్నారు. మనవాడొకడు తింటే ఇంట్లోనే ఉంటుంది."

"అయితే మీరు రెబ్ ష్మర్యాహుకి ఒక్క మాట..."

"ఆగండి. ఆ కాలేజీవాళ్ళకి ఏం చూపించి సీటు తెచ్చుకుంటున్నారు?"

"యెషివా పట్టా."

"ఏ చదువుకి ఇస్తున్నారు ఆ పట్టా?"

"ఈ తొమ్మిదేళ్ళకే."

"ఈ తొమ్మిదేళ్ళలో సగం ఎవరిది?"

అన్షెల్ సర్దుకుని కూర్చున్నాడు. "ఫలంలో సగం మీది రెబ్ గెట్సెల్. అది ఎక్కడికీ పోదు. పట్టా ఒట్టి కాగితం."

"ఒట్టి కాగితమైతే అది లేకుండానే వెళ్ళండి."

తొమ్మిదేళ్ళలో యెరూహామ్ కూడా అతని నోరు ఇంత తొందరగా మూయించలేదు.

"నేను చదువుకున్నవాణ్ణి కాదు," అన్నాడు గెట్సెల్. "కానీ ఒకే పెట్టెని ఇద్దరికి అమ్మకూడదని తెలుసు. మీరు ఆ చదువుని ఇక్కడ సీటు కోసం ఖర్చుపెడుతున్నారు. రేపు నేను పైకి వెళ్ళి నా వాటా ఏదీ అంటే, అది బ్రూక్లిన్‌లోనే వాడేశారయ్యా అన్నారనుకోండి. నేనేం చెయ్యాలి? రసీదు చూపించాలా?"

"అక్కడ అలా అనరు."

"మీరు వెళ్ళొచ్చారా?"

అన్షెల్‌కు నవ్వు రాలేదు. గెట్సెల్ టైలు పక్కన పెట్టాడు.

"నాకు మీరు వెనక్కి ఇవ్వాల్సిందేమీ లేదు, ఒక్క డాలరు కూడా. రాత్రంతా ఆలోచించాను. ష్మర్యాహు ముందే ఫోన్ చేశాడులెండి. నా మనసుకి తోచింది చెబుతాను. ఆ చదువు వల్ల ఈ లోకంలో ఏమొచ్చినా మీదే. సీటు, ఉద్యోగం, పేరు, అన్నీ. ఆ లోకంలో వచ్చేదంతా నాది. మీ సగం కూడా నాకు రాసివ్వండి. మీకు ఇక్కడ, నాకు అక్కడ. గొడవ తేలిపోతుంది."

మూడు చలికాలాల కింద చదివిన పుట ఒకటి అన్షెల్ కళ్ళ ముందుకు వచ్చింది. చదవబోయే చదువులో వాటా ముందుగా రాసుకోవచ్చు. చదివేసిన చదువును అమ్మడం కుదరదు. డబ్బుకైనా, మరి దేనికైనా. ఆ పుట మీద యెరూహామూ తనూ పదకొండు రోజులు గొంతులు చించుకున్నారు.

ఇప్పుడు చెప్పాల్సింది ఒక్క వాక్యం. రెబ్ గెట్సెల్, అది అమ్మకానికి రాదు. ఆ వాక్యంతో ఈయన సందేహం ఎక్కడిదక్కడే ఉంటుంది, తన కవరు ఆఫీసులోనే ఉంటుంది.

"ఆలోచించుకుని వస్తాను," అన్నాడు.

మర్నాడు పాఠానికి కూర్చున్నాక యెరూహామ్‌ని కదిలించాడు. "ఒరేయ్, ఊరికే ఒక ఊహ అనుకో. ఒకడు చదివేసిన చదువుని ఇంకొకడికి అమ్మాడు..."

"నీ మొహం చూస్తే ఊహలా లేదు," అన్నాడు యెరూహామ్. "ఎవడు కొంటున్నాడు? టైల్సాయనా?"

"ఎవడైతేనేం. అమ్మితే చెల్లుతుందా?"

"నన్నడుగుతావేంట్రా? పదకొండు రోజులు నా ప్రాణం తీశావు. చెల్లదు. కొన్నవాడికి ఏమీ రాదు."

"సరే. అమ్మకమే చెల్లనప్పుడు అమ్మినవాడి వాటా అమ్మినవాడి దగ్గరే ఉంటుంది కదా?"

యెరూహామ్ పుస్తకం మీద నుంచి చేతులు తీశాడు. "అక్కడేగా మనం కొట్టుకుంది. నువ్వు ఉంటుందన్నావు, నేను పోతుందన్నాను. దాన్ని తెచ్చి బేరానికి పెట్టాడంటేనే వాడికి దాని మీద లెక్క లేదని. లెక్క లేనివాడికి దాన్నెందుకు అట్టిపెడతారు? కొన్నవాడికి చేరదు, అమ్మినవాడికి మిగలదు. అలా అన్న పెద్దలున్నారు."

"ఉంటుందన్న పెద్దలూ ఉన్నారు."

"ఉన్నారు. వాళ్ళు నోట్లోంచి జారిన బేరం గురించి అన్నారు. అన్నీ తెలిసి, తెలియనివాడికి అంటగట్టేవాడి గురించి అనలేదు."

కాసేపటికి అన్షెల్ గొంతు తగ్గించి, సాక్షి సంతకానికి రమ్మన్నాడు.

"నేను రాను. వెళ్ళి ఆయనతో చెల్లదని చెప్పు."

"చెబితే పట్టా ఆగిపోతుంది."

"ఆగనీ. మళ్ళీ అడుగు, బతిమాలు, ఏడువు. పెద్ద రబ్బీ దగ్గరికి తీసుకెళ్ళు ఆయన్ని. ఆయన సందేహానికి జవాబు లేకపోలేదు."

"ఆగస్టు ఒకటి దాటాక దొరికే జవాబు నాకెందుకు? నీకు మామగారు ఇల్లు కొనిచ్చాడు, నువ్వు ఎన్నైనా చెబుతావు."

యెరూహామ్ పుట తిప్పాడు. ఆ రోజు ఇద్దరూ గొంతు పెంచకుండా చదివారు. హాల్లో చుట్టుపక్కలవాళ్ళు ఒకటి రెండుసార్లు తిరిగి చూశారు.

ఇంటికి వెళ్ళాక పెరెల్ అడిగింది. "ఒప్పుకున్నాడా?"

"కాగితం ఒకటి రాసివ్వమంటున్నాడు."

"రాసివ్వు."

"అది చెల్లదు పెరెల్. శాస్త్రం ఒప్పుకోదు."

ఆమె పిల్లల బట్టలు మడతపెడుతోంది. "చెల్లకపోతే నీకు పోయేదేముంది?"

తను కొట్టులో పెట్టె మీద కూర్చుని వేసుకున్న లెక్క కూడా సరిగ్గా అదే. ఇంకొకరి నోట విన్నప్పుడు అది చవకబారుగా వినిపించింది. అయినా లెక్క మార్చుకోలేదు.

జూలై ఇరవై మూడున, మధ్యాహ్నపు ప్రార్థనకు కొట్టు వెనక చేరే పదిమందిలో ఇద్దరు సాక్షులుగా ఉండిపోయారు. గెట్సెల్ పని రోజున పండగ కోటు వేసుకున్నాడు. కౌంటరు మీద కాగితం పరిచి తేనె కేకు, చిన్న గ్లాసులు పెట్టాడు. కాగితం అన్షెలే రాసి తెచ్చాడు. అతని దస్తూరీ యెషివా మొత్తానికీ పేరున్న దస్తూరీ. గెట్సెల్ ఒక్కో వరుస కింద వేలు జరుపుతూ చూశాడు.

"చదివి వినిపించండి."

అన్షెల్ చదివాడు. తొమ్మిదేళ్ళలో చదివిన ప్రతి పుటా, వేసిన ప్రతి ప్రశ్నా, దొరికిన ప్రతి జవాబూ, వాటి ఫలంలో తన సగం, పూర్తిగా, శాశ్వతంగా. వింటుంటే గెట్సెల్ కళ్ళు తడిశాయి.

"ఒక్కటే అడుగుతాను," అన్నాడు. "మీరు పండితులు, నేను రాళ్ళమ్ముకునేవాణ్ణి. ఇది నిలబడుతుందా?"

సాక్షుల్లో ఒకడు కేకు నములుతున్నాడు. పైన రైలు వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అన్షెల్‌కు మాటలు ఏరుకునే సమయం దొరికింది.

"నా చేత్తో రాశాను, నా పేరు పెట్టాను. నా వైపు నుంచి దీన్ని ఎప్పటికీ, ఒక్క అక్షరం కూడా వెనక్కి అడగను."

అందులో ప్రతి మాటా నిజమే. గెట్సెల్ తలాడించి రుమాలు అందించాడు. అన్షెల్ పైకెత్తాడు. గ్లాసులు ఖాళీ కాకముందే గెట్సెల్ ష్మర్యాహుకు ఫోన్ చేశాడు. నాలుగు రోజుల్లో కవరు మన్‌హటన్ చేరింది.

పట్టా పని ఆ కవరుతో అయిపోయింది. చదువు మాత్రం మూడేళ్ళూ పనికొచ్చింది. మొదటి వారంలోనే, ఒప్పందాల క్లాసులో, తనది కానిదాన్ని అమ్మినవాడి కేసు వచ్చింది. మిగతావాళ్ళు పుటలు వెతుక్కుంటుంటే అన్షెల్ లేచి, అలవాటు కొద్దీ రాగం తీస్తూ, బొటనవేలు గాలిలో తిప్పుతూ, కొన్నవాడి వైపు నుంచీ అమ్మినవాడి వైపు నుంచీ వాదించేశాడు. వెనక నవ్వారు. ప్రొఫెసర్ నవ్వలేదు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. పక్క సీటు కుర్రాడు ఆ రోజు నుంచీ అతని నోట్సు అరువడగడం మొదలుపెట్టాడు.

పొద్దున రైల్లో పాత పుటలు చదువుకుందామని మొదట్లో సంచిలో ఒక పుస్తకం పెట్టుకునేవాడు. తెరిచిన ప్రతిసారీ, ఇది ఎవరి ఖాతాకు పోతోందనే ప్రశ్న వచ్చేది. కొత్తగా చదివేది తనదే, ఏ కాగితంలోనూ లేదు, అని జవాబు చెప్పుకునేవాడు. వెంటనే, లెక్క లేనివాడికి ఎందుకు అట్టిపెడతారని యెరూహామ్ గొంతు అడిగేది. ఎదురుగా మనిషి లేడు కాబట్టి ఆ వాదన రోజురోజుకూ బలపడింది. తన వాదన ఉన్నచోటే ఉంది. చలికాలం వచ్చేసరికి సంచిలో లా పుస్తకాలే మిగిలాయి.

మూడేళ్ళకు మంచి మార్కులతో బయటికొచ్చాడు. లైసెన్సు వచ్చింది. కోనీ ఐలండ్ అవెన్యూలో ఒక లాండ్రీ మీద చిన్న గది తీసుకుని బోర్డు పెట్టాడు. పెరెల్ కిటికీకి తెరలు కుట్టింది.

బోర్డు పెట్టిన రెండో నెలలో, ఒక మంగళవారం పొద్దున, గెట్సెల్ మెట్లెక్కి వచ్చాడు. కాస్త వంగాడు. చేతిలో గోధుమరంగు కవరు ఉంది.

"బాగుంది లాయరు గారూ, గది బాగుంది," అన్నాడు కూర్చుంటూ. "కింద నేల మాత్రం ఎవడు వేశాడో గానీ, వంకర."

అన్షెల్ నీళ్ళు అందించాడు.

"యెరూహామ్‌కి ఇప్పుడు నేనే ఇస్తున్నాను, తెలుసుగా. వాళ్ళ మామగారి వ్యాపారం మునిగాక. చదవబోయేదానికి వాడితో ముందే రాసుకున్నాను."

"తెలుసు."

"మొన్న గురువారం వెళ్ళాను. ఈ వారం మనం ఏం చదివాం అన్నాను. వాడు తల దించుకున్నాడు. మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగితే చెప్పాడు, ఆ కాగితం చెల్లదని." గెట్సెల్ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "మూడేళ్ళు వాడూ నోరు మూసుకున్నాడు. అది వాడితో వేరే చూసుకుంటాను."

"నేను అబద్ధం చెప్పలేదు, రెబ్ గెట్సెల్."

"లేదు. వాడితో నేనూ అదే అన్నాను. అబద్ధం ఆడలేదు, నా ప్రశ్న పక్కన నిలబడి జవాబు చెప్పాడు అన్నాను. నేను యాభై ఏళ్ళ నుంచి సరుకమ్ముతున్నాను. పగిలిన పెట్టెలూ అమ్మాను. అడగనివాడికి చెప్పలేదు. అది నా పాపం, నేనే మోస్తాను. కానీ పగిలిందా అని అడిగినవాడికి పగిలిందనే చెప్పాను. నువ్వు అడిగినవాడికి చెప్పలేదు."

ఇన్నేళ్ళలో ఆయన అతన్ని నువ్వు అనడం అదే మొదలు. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆ కాగితం చింపేద్దాం," అన్నాడు అన్షెల్. "మునుపటిలాగే చెరి సగం."

"చింపితే ఏం వస్తుంది? నా మొదటి సగం నాకుందట. అది ముందే రాసుకున్నది కాబట్టి గట్టిదట. యెరూహామ్ మూడు పుస్తకాలు చూసి చెప్పాడు. నీ సగం నాకు రాలేదు. మరి నీ దగ్గరుందా? వాడు లేదంటున్నాడు. నువ్వు ఉంటుందని వాదించావటగా. ఇప్పుడేమంటావు?"

కింద లాండ్రీ యంత్రాలు తిరుగుతున్న అదురు బల్ల మీదికి తెలుస్తోంది. అన్షెల్ తన పాత వాదన కోసం వెతికాడు.

"ఇప్పుడు అనలేను."

"అయితే సరుకు దారిలో పోయింది," అన్నాడు గెట్సెల్. "నాకు చేరలేదు, నీ దగ్గరా లేదు. నాకు తక్కువైంది నీకు ఎక్కువైనా బాగుండేది. కనీసం ఒక ఇంట్లో ఉండేది."

గోధుమరంగు కవరు తెరిచి కాగితాలు బల్ల మీద పెట్టాడు. "నేను దానికి రాలేదులే. పని మీద వచ్చాను. నా కొట్టు లీజు అయిపోతోంది. ఇంటాయన కొత్తది పంపాడు. పదేళ్ళు అని రాసుంది. చదివితే బాగుంది. నువ్వు రాసింది కూడా వింటే బాగానే ఉంది. ఇది అలాంటిదేమో చూసి చెప్పు. ఈ పనికి నీకంటే గట్టివాడు నాకు తెలియదు."

అన్షెల్ కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. వద్దని చెప్పేందుకు ఒక కారణం వెతికాడు. దొరక్క చదవడం మొదలుపెట్టాడు. ఏడో పేజీలో, మరమ్మతుల కింద, దొరికింది. వేలు పెట్టి చూపించాడు.

"ఇంటాయనకి మరమ్మతులు చేయించుకోవాలనిపిస్తే ముప్పై రోజుల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు అని ఉంది. పదేళ్ళు లేవు. మీకున్నవి ముప్పై రోజులు."

గెట్సెల్ ఆ వరుస కింద వేలు జరిపి, కాగితాలు మడిచి, కవర్లో పెట్టుకున్నాడు. "చూశావా, అడగ్గానే చెప్పావు. ఈసారి నీకు పోయేదేమీ లేదు."

ఫీజు ఎంతని అడిగాడు. అన్షెల్ వద్దన్నాడు. గెట్సెల్ జేబులోంచి నోట్లు తీసి, లెక్కపెట్టకుండా గ్లాసు పక్కన పెట్టి, తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఏదో అంటాడనుకున్నాడు అన్షెల్. ఆయన గడప దగ్గర వంకరగా ఉన్న పలకను చెప్పుతో ఒకసారి నొక్కి చూసి, మెట్లు దిగిపోయాడు.

అన్షెల్ గ్లాసు పక్కన ఉన్న నోట్లు లెక్కపెట్టాడు. తర్వాత, ఏనాటి అలవాటో, ఒక్కొక్కటే పేర్చుకున్నాడు. యెషివా పట్టా వల్ల సీటు వచ్చింది. సీటు వల్ల లైసెన్సు, లైసెన్సు వల్ల ఈ గది, నెల గడిచే సంపాదన. దానికి పెట్టింది తొమ్మిదేళ్ళ చదువులో తన సగం. అది ఎవరికీ చేరలేదు. ఆ తొమ్మిదేళ్ళలో తనకింకా మిగిలి ఉన్నది, మంచి దస్తూరీతో రాసిన కాగితంలో ఎక్కడ మోసం ఉందో వెంటనే పట్టే కన్ను. దానికి ఆ రోజే మొదటి గిరాకీ వచ్చింది, రెండు వందల డాలర్లు.